బిమ్ మోడల్ ఒక్కటీ సరిపోతుందా, లేజర్ స్కాన్ కూడా చేయించాలా?

ఆసుపత్రి ఆపరేషన్ థియేటర్‌కి సీలింగ్ పైన దొరికే జాగా ఎప్పుడూ తక్కువే. ఏసీ డక్టులు, మెడికల్ గ్యాస్ పైపులు, స్ప్రింక్లర్ లైన్లు, కేబుల్ ట్రేలు, పై అంతస్తు బాత్‌రూమ్ నుంచి దిగే మురుగు పైపు, అన్నీ అందులోనే పట్టాలి. ఎవరి డ్రాయింగ్ వాళ్లది చూస్తే ఏ తప్పూ కనిపించదు. అన్నీ మొదటిసారి ఒకచోట కలిసేది సైట్‌లోనే, అదీ బీములు పోసేశాక. అప్పటికి మిగిలేది కోర్ కటింగ్ మెషీను, తప్పు ఎవరిదన్న వాదన.

ఈ గొడవను ముందే తేల్చుకోవడానికి బిమ్ అనే డిజిటల్ మోడల్ (భవనాన్ని కంప్యూటర్‌లో త్రీడీలో ముందే గీసి చూడటం), లేజర్ స్కానింగ్ (కట్టినదాన్ని లేజర్‌తో కొలవడం) అని రెండు దారులు ఉన్నాయి. అమ్మేవాళ్లు రెండిటినీ ఒకే మూటగా చూపిస్తారు. అవి చేసే పనులు మాత్రం వేరు. ఏం కట్టాలనుకున్నామో మోడల్ చూపిస్తుంది, ఏం కట్టారో స్కాన్ చూపిస్తుంది. కొన్ని ప్రాజెక్టులకు మొదటిది చాలు. కొన్నిటికి రెండోది లేకుండా మొదటిదాన్ని మొదలుపెట్టడమే దండగ. రెండూ అక్కర్లేని ప్రాజెక్టులూ ఉన్నాయి, కాకపోతే ఆ మాట చెప్పడానికి ఎవరికీ కమిషన్ రాదు.

నా లెక్కలో ఈ ఎంపికను తేల్చేది పరికరం ధరా కాదు, భవనం విస్తీర్ణమూ కాదు. మీ భవనంలో అన్నిటికంటే ఇరుకైన చోటు ఏది, అక్కడ ఎన్ని మిల్లీమీటర్ల తేడా వచ్చినా పని ఆగదు అన్నదే అసలు విషయం. ముందు ఆ అంకె కాగితం మీద పెట్టండి. గోదాములో డక్ట్ 100 మి.మీ. పక్కకి జరిగినా అడిగేవాళ్లుండరు. ఆసుపత్రి కారిడార్‌లో డక్ట్‌కి చుట్టే ఇన్సులేషన్ మందమే 25 మి.మీ. ఉంటే, బీమ్ అంతమేర కిందికి వచ్చినా చాలు, ఇరుక్కుపోతుంది. ముందే ఫ్యాక్టరీలో చేసి తెచ్చిన స్టీలు ముక్కను పాత కాలమ్‌కి బోల్టులతో బిగించాలంటే వెసులుబాటు కొద్ది మిల్లీమీటర్లే.

కొత్త కట్టడంలో మోడల్ ఎంతవరకు పనికొస్తుంది

ఖాళీ స్థలంలో మొదలయ్యే భవనానికి తొలి ఖర్చు మోడల్ మీదే పెట్టాలి. స్కాన్ చేయడానికి అక్కడ ఇంకా ఏమీ లేదు. అయితే అన్ని భవనాలకూ మోడల్ అవసరమా అంటే కాదు. ఒకే ప్లాన్ అంతస్తు తర్వాత అంతస్తు తిరిగి వస్తూ, పైపులన్నీ నిలువు షాఫ్టుల్లోంచే దిగే మామూలు అపార్ట్‌మెంట్‌లో డ్రాయింగుల్ని ఒకదాని మీద ఒకటి వేసి చూసుకోవడం ఇప్పటికీ పనిచేసే పద్ధతే. అక్కడ నమూనా అంతస్తు, బేస్‌మెంట్, పంప్ రూమ్ వరకు మోడల్ చేయించి ఆపేయవచ్చు.

ఆసుపత్రి, ప్రయోగశాల, డేటా సెంటర్, విమానాశ్రయం, వంపు తిరిగిన ముఖభాగం ఉన్న కట్టడాల సంగతి వేరు. అక్కడ ఒక్కో విభాగం తన మోడల్ తాను చేసుకుంటుంది. ఆర్కిటెక్ట్ రెవిట్‌లోనో ఆర్కిక్యాడ్‌లోనో చేస్తే స్టీలువాళ్లు టెక్లాలో చేస్తారు. వీటన్నిటినీ ఐఎఫ్‌సీ అనే ఉమ్మడి ఫార్మాట్ ద్వారా ఒకచోట కూర్చి గుద్దుకునే చోట్లు వెతుకుతారు. ఐఎఫ్‌సీ ఏ కంపెనీ సొత్తూ కాదు, ఐఎస్ఓ 16739 పేరుతో అంతర్జాతీయ ప్రమాణం.

కలిపి చూసే సాఫ్ట్‌వేర్‌లో ప్రధానంగా పోటీ నావిస్‌వర్క్స్‌కీ సొలిబ్రీకీ. నావిస్‌వర్క్స్ రకరకాల ఫార్మాట్లను మింగుతుంది, పాయింట్ క్లౌడ్‌నీ (స్కాన్‌లో వచ్చే పాయింట్ల గుంపును) తెరుస్తుంది, పనుల షెడ్యూల్‌ని మోడల్‌కి ముడిపెట్టి ఏ వారం ఏం కడతారో చూపిస్తుంది. సొలిబ్రీ బలం నియమాల్లో ఉంది. తలుపు ముందు ఖాళీ చాలినంత ఉందా, ఫైర్ రేటింగ్ రాయని గోడలు ఎన్ని, ఒకే వస్తువును రెండుసార్లు గీశారా లాంటివి అది పట్టుకుంటుంది. ఆకారాలు ఢీకొనడమే మీ భయమైతే మొదటిది, మోడల్‌లోని సమాచారం మీద నమ్మకం లేకపోతే రెండోది తీసుకోండి. ఏది కొన్నా, తేలిన సమస్యలు బీసీఎఫ్ అనే, సమస్యల్ని సాఫ్ట్‌వేర్ల మధ్య పంపుకునే ఫార్మాట్‌లో మళ్లీ డిజైనర్ చేతికి వెళ్లే ఏర్పాటు ఉందో లేదో చూసుకోండి. స్క్రీన్‌షాట్లు వాట్సాప్‌లో పంపుకునే సమన్వయం మూడో వారానికే తెగిపోతుంది.

మొదటిసారి క్లాష్ టెస్ట్ (గుద్దుకునే చోట్ల వెతుకులాట) నడిపినప్పుడు వేలల్లో వచ్చే అంకెను చూసి బెదరక్కర్లేదు, దాన్ని ఘనకార్యంగా ప్రెజెంటేషన్‌లో చూపే కన్సల్టెంట్‌ని నమ్మనూ అక్కర్లేదు. ఒకే పైపు పది గోడల్లోంచి పోతే పది క్లాషులు. గుంపులుగా విడదీస్తే నిజంగా నిర్ణయం కావాల్సినవి కొన్నే మిగులుతాయి. ఆ మిగిలినవాటిలో ఎవరు జరగాలన్నది ముందే తేల్చుకోండి. వాలు మీద నడిచే మురుగు పైపు జరగదు. నూటికి ఒకటి వాలు ఇచ్చినా 10 మీటర్లకి 100 మి.మీ. కిందికి దిగాల్సిందే, మధ్యలో ఎక్కి దిగడం కుదరదు. దాని తర్వాత పెద్ద డక్టులు. ఒత్తిడితో నీరు పారే పైపులు, కేబుల్ ట్రేలు వంగగలవు కాబట్టి అవే దారి ఇవ్వాలి. ఈ వరుస రాసుకోని చోట గొంతు పెద్దదున్న సబ్‌కాంట్రాక్టర్‌దే పైచేయి అవుతుంది.

ఇంకో తికమక ఉంది. క్లాష్ లేనంత మాత్రాన కట్టడం వీలవుతుందని కాదు. డక్ట్‌కీ బీమ్‌కీ మధ్య 20 మి.మీ. ఖాళీ ఉంటే సాఫ్ట్‌వేర్ ఊరుకుంటుంది, కానీ డక్ట్ ఫ్లాంజ్ అక్కడ పట్టదు, బోల్టు బిగించడానికి చేయి దూరదు. వాల్వు తిప్పడానికి నిచ్చెన వేసే చోటు లేకపోతే ఆ వాల్వు ఉన్నా లేనట్టే. అందుకే ఇరుకు చోట్లకు ఎల్ఓడీ (మోడల్‌లో ఎంత వివరం ఉండాలో చెప్పే కొలబద్ద) 350 అడగాలి. ఎల్ఓడీ 300లో వస్తువు సైజు, స్థానం సరిగ్గా ఉంటాయి. 350లో దాన్ని పట్టి ఉంచే హ్యాంగర్లు, సపోర్టులు, పక్కవాటితో కలిసే అతుకులు కూడా చేరతాయి. 400 అంటే ఫ్యాక్టరీలో తయారుచేయడానికి చాలినంత వివరం. భవనమంతటికీ 400 అడగడం డబ్బు పారబోయడమే. ప్లాంట్ రూమ్, రైజర్లు, ప్రధాన కారిడార్లకు 350 అడిగి, మిగతాచోట 300తో సరిపెట్టుకోవడం మేలు.

స్కాన్ తప్పనిసరయ్యే చోటు

పాత భవనానికి మార్పులు చేస్తుంటే ఇక ఆలోచించే పనే లేదు. ఫైల్లో ఉన్న యాజ్-బిల్ట్ (కట్టింది ఇలాగే అని చెప్పే) డ్రాయింగుల మీద కొత్త మోడల్ కట్టడం పాత అబద్ధాన్ని త్రీడీలో తిరగరాయడమే. గోడ నిలువుగా లేదు, బీమ్ మధ్యలో కుంగింది, ఎప్పుడో ఎవరో వేసిన పైపు ఏ డ్రాయింగ్‌లోనూ లేదు. ఇవన్నీ స్కాన్‌లోనే బయటపడతాయి. పైపులు అల్లుకుపోయిన రిఫైనరీ లాంటి ప్లాంటులో టేపు పట్టుకుని కొలవడం మనిషికి ప్రమాదం కూడా.

కొత్త కట్టడాల్లో స్కాన్ విలువను చాలామంది తక్కువగా చూస్తారు, లేదా తప్పు సమయంలో చేయిస్తారు. నా ఓటు రెండు సందర్భాలకు. మొదటిది కాంక్రీట్ పోయడానికి ముందు. కడ్డీలు, స్లీవులు, కండ్యూట్లు, పోస్ట్-టెన్షన్ స్లాబ్ అయితే అందులోని టెండన్లు (బిగించి లాగే ఉక్కు తీగలు) అప్పుడే కంటికి కనిపిస్తాయి. పోశాక ఒక రంధ్రం వేయాల్సి వస్తే టెండన్ ఎక్కడుందో తెలియకపోవడం చిన్న విషయం కాదు, తెగితే ప్రాణాపాయం. రెండోది సెంట్రింగ్ విప్పాక, డక్టులు ఫ్యాక్టరీకి ఆర్డర్ ఇచ్చే ముందు. బీమ్ అడుగు భాగం అసలు ఎంత ఎత్తులో ఉందో అప్పుడు తెలిస్తే మోడల్‌ని సరిదిద్దవచ్చు. డక్ట్ సైట్‌కి వచ్చాక తెలిస్తే సుత్తితోనే సరిదిద్దాలి. లిఫ్ట్ షాఫ్ట్ నిలువు, కర్టెన్ వాల్ (భవనం బయట తగిలించే తేలికపాటి గోడ) బ్రాకెట్లు వచ్చే స్లాబ్ అంచులు కూడా ఈ రెండో స్కాన్‌లోనే చూసుకోవచ్చు.

ఏ పరికరం

ఇక్కడే ఎక్కువ డబ్బు వృథా అవుతుంది. కొద్ది పాయింట్లే కావాలంటే స్కానర్ వద్దు. నలభై యాంకర్ బోల్టులు సరైన చోట ఉన్నాయా అన్నది టోటల్ స్టేషన్ (ఒక్కో పాయింట్‌నీ గురిపెట్టి కొలిచే సర్వే పరికరం) ఒక పూటలో చెబుతుంది, ఒక్కో పాయింట్ విషయంలో చాలా స్కానర్లకంటే నమ్మకంగానూ చెబుతుంది. మోడల్‌లోంచి పాయింట్లు తీసుకుని నేల మీద గుర్తులు పెట్టే రోబోటిక్ టోటల్ స్టేషన్ ఉంటే హ్యాంగర్ల మార్కింగ్ కూడా దానితోనే అయిపోతుంది. స్కానర్ కొనాలా అని అడిగే మధ్యస్థాయి కాంట్రాక్టర్లలో సగంమందికి ముందు కావాల్సింది ఇదేనని నా అభిప్రాయం.

ఉపరితలమంతా కావాలంటే ట్రైపాడ్ మీద నిలిపే స్కానర్. లైకా ఆర్‌టీసీ360 సెకనుకు 20 లక్షల వరకు పాయింట్లు తీస్తుంది. తయారీదారు చెప్పే 3డీ ఖచ్చితత్వం 10 మీటర్ల దగ్గర 1.9 మి.మీ., 40 మీటర్లకు 5.3 మి.మీ. అదే సంస్థ చిన్న పరికరం బీఎల్‌కే360 మొదటి తరానిది సెకనుకు 3,60,000 పాయింట్లు, 10 మీటర్ల దగ్గర 6 మి.మీ. గదులు, కారిడార్లు, మామూలు ప్లాంట్ రూములకు రెండోది బాగానే సరిపోతుంది. పెద్ద హాలు, ఎత్తైన ఏట్రియం, స్టీలు జాయింట్లు ఉంటే మొదటి తరగతి వైపు వెళ్లాలి. ఫారో, ట్రింబుల్ స్కానర్లలోనూ ఇలాంటి తరగతులే ఉన్నాయి. బ్రాండ్ కంటే ఆ పరికరానికి సర్వీసు, క్యాలిబ్రేషన్ మీకు అందుబాటులో ఉందా అన్నది ఎక్కువ ముఖ్యం.

నడుస్తూ స్కాన్ చేసే పరికరాలు మూడో రకం. భుజాన తగిలించుకునేవి, చేత్తో పట్టుకునేవి రెండూ ఉన్నాయి. స్లామ్ అనే పద్ధతిలో తాము ఎక్కడున్నామో తామే లెక్కకట్టుకుంటూ పోతాయి. ట్రైపాడ్‌తో రోజుల తరబడి పట్టే అంతస్తుల్ని ఇవి గంటల్లో ముగిస్తాయి. కాకపోతే ఖచ్చితత్వం సెంటీమీటరు స్థాయికి జారుతుంది, పొడవాటి కారిడార్‌లో మొదలుపెట్టిన చోటికి తిరిగి రాకపోతే లెక్క మెల్లగా పక్కకు జరిగిపోతుంది కూడా. విస్తీర్ణం కొలవడానికి, పునరుద్ధరణకు తొలి అంచనాకు, పని ఎంతవరకు వచ్చిందో చూడటానికి మంచివి. ఫ్యాక్టరీలో పైపు ముక్కలు కోయించడానికి వీటి కొలతను నమ్మకండి.

ఐప్యాడ్ ప్రోలో 2020 నుంచి, ఐఫోన్ 12 ప్రోతో మొదలై ప్రో ఫోన్లలో వస్తున్న లైడార్ (లేజర్‌తో దూరం కొలిచే సెన్సర్) పరిధి సుమారు 5 మీటర్లే. ఒక మూల ఎలా ఉందో ఆఫీసులో ఉన్న డిజైనర్‌కి చూపించడానికి బాగుంటుంది, అంతకు మించి వద్దు. పైకప్పు, బయటి ముఖభాగాలకు డ్రోన్ ఫోటోగ్రామెట్రీ (ఫోటోల నుంచి కొలతలు తీయడం) చౌక, స్కాన్‌తో కలుపుకోవచ్చు.

పైన స్కానర్లకు చెప్పిన అంకెలన్నీ ఒక్క సెటప్‌కి, అంటే పరికరాన్ని ఒకచోట నిలిపి తీసిన స్కాన్‌కి సంబంధించినవని మరిచిపోవద్దు. వంద సెటప్పులు కలిపినప్పుడు, దీన్నే రిజిస్ట్రేషన్ అంటారు, ఒక్కోచోట చేరే చిన్న తప్పు కూడుకుంటూ పోతుంది. ఒక స్కాన్‌ని పక్క స్కాన్‌తో పోల్చి మాత్రమే కలిపిన పొడవాటి భవనం కంప్యూటర్‌లో కాస్త వంగి కనిపించడం అరుదేమీ కాదు. టోటల్ స్టేషన్‌తో ముందే కంట్రోల్ పాయింట్లు (కచ్చితంగా కొలిచిపెట్టిన గుర్తులు) వేసి, స్కాన్లను వాటికి కట్టేయడమే విరుగుడు. కొటేషన్లలో ధర తగ్గించడానికి మొదట ఎగిరిపోయే లైను ఇదే. అది లేని కొటేషన్ ఎంత చౌకైనా పక్కన పెట్టండి.

ఎంత ఖచ్చితత్వం కావాలో చెప్పడానికి ఎల్ఓఏ అనే కొలబద్ద ఉంది. ఎల్ఓఏ20 అంటే 15 నుంచి 50 మి.మీ., ఎల్ఓఏ30 అంటే 5 నుంచి 15, ఎల్ఓఏ40 అంటే 1 నుంచి 5. ఎల్ఓడీ వివరం గురించి చెబుతుంది, ఎల్ఓఏ నిజానికి ఎంత దగ్గరో చెబుతుంది. రెండిటినీ కలిపేసి టెండర్ రాసేవాళ్లు ఎక్కువ. నట్లు బోల్టులతో సహా అందంగా గీసిన పంపు అసలు చోటుకి అడుగు దూరంలో ఉండొచ్చు. సర్వీసుల సమన్వయానికి 30 సరిపోతుంది. ఫ్యాక్టరీ స్టీలు, కర్టెన్ వాల్, చెక్కడాలున్న పాత కట్టడాలకు 40 అడగండి. మరో సంగతి, కొలతకో అంకె, దాని నుంచి గీసిన మోడల్‌కో అంకె విడిగా అడగాలి, రెండూ ఒకటి కావు.

స్కానర్ కంటికి కనిపించేదే చూస్తుంది. ఫాల్స్ సీలింగ్ పలకలు తీయకుండా స్కాన్ చేస్తే మీకు దొరికేది ఫాల్స్ సీలింగ్ కొలతే. అద్దాలు, తడి నేల, మెరిసే ఫాయిల్ చుట్టిన డక్టులు లేజర్‌ని తప్పుదారి పట్టిస్తాయి. అద్దం వెనక లేని గది ఒకటి పుట్టుకొస్తుంది. గోడ లోపలి కడ్డీలు, కేబుళ్ల కోసం గ్రౌండ్ పెనిట్రేటింగ్ రాడార్ వేరే పెట్టుకోవాలి.

పాయింట్ క్లౌడ్‌ని అలాగే వాడాలా, మోడల్‌గా మార్పించాలా

స్కాన్ చేసే ఖర్చు కంటే దాన్ని మోడల్‌గా మార్చే మనిషి గంటల ఖర్చు ఎక్కువ. కాబట్టి అసలు బేరం ఇక్కడ ఆడాలి. నా సలహా ఏమిటంటే, మీరు తాకబోయేవాటినే మోడల్ చేయించండి. కొత్త డక్ట్ వేలాడే బీములు, కొత్త పైపు కలిసే పాత వాల్వు, తలుపు పెట్టబోయే గోడ ఈ లెక్కలోకి వస్తాయి. మిగతాదంతా పాయింట్ క్లౌడ్‌గానే వెనక ఉంచండి. నావిస్‌వర్క్స్ క్లాష్ టెస్ట్‌లో పాయింట్లనూ ఎంచుకోవచ్చు, అంటే కొత్త డక్ట్ మోడల్‌ని పాత భవనం పాయింట్లతో నేరుగా ఢీకొట్టించి చూడవచ్చు. చెత్త పాయింట్ల వల్ల తప్పుడు క్లాషులు కొన్ని వస్తాయి, వాటిని ఏరడం అయినా భవనమంతా గీయడం కంటే చౌక.

మోడల్ చేయించే చోట మాత్రం వంకర గోడను వంకరగానే గీయాలా, నిటారుగా గీసి తేడా రాసిపెట్టాలా అన్నది పని మొదలవకముందే చెప్పండి. చెప్పకపోతే గీసేవాళ్లు నిటారుగానే గీస్తారు, అదే సులువు. ఆఫీసు లోపలి అలంకరణకు అది చాలు. గోడ పొడవునా కప్‌బోర్డులు బిగించాలంటే చాలదు.

ముడి స్కాన్లను పారేయకుండా దాచడం గురించి ఒక మాట. పారిస్ నోత్రదామ్ చర్చిని కళాచరిత్ర ఆచార్యుడు ఆండ్రూ టాలన్ 2010 ప్రాంతంలో తన పరిశోధన కోసం స్కాన్ చేశాడు. యాభైకి పైగా చోట్ల స్కానర్ పెట్టి వంద కోట్లకు పైగా పాయింట్లు తీశాడు. 2018లో ఆయన పోయాడు, 2019 ఏప్రిల్‌లో చర్చి కాలింది. 2024 డిసెంబరులో అది మళ్లీ తెరుచుకునే నాటికి, పునర్నిర్మాణానికి అక్కరకొచ్చిన కొలతల్లో ఆ స్కాన్లూ ఉన్నాయి. ఆయన గీసుకున్న బొమ్మలు మాత్రమే మిగిలి ఉంటే ఈ పనికి వచ్చేవి కావు.

కొనాలా, చేయించుకోవాలా

ఏడాదికి ఒకటి రెండు ప్రాజెక్టులకైతే బయటి సర్వే సంస్థతో చేయించుకోవడమే లాభం. వారంవారం వాడేంత పని ఉంటేనే సొంత స్కానర్. కొన్నా దాని వెనక రిజిస్ట్రేషన్ తెలిసిన మనిషి, బలమైన కంప్యూటర్, వందల గిగాబైట్ల నిల్వ కావాలి. మధ్యేమార్గం అద్దె. స్కాన్‌ని మోడల్‌తో పోల్చి తేడాలు రంగుల్లో చూడటానికి క్లౌడ్‌కంపేర్ ఉచితంగా దొరుకుతుంది, మొదట్లో ఖరీదైన సాఫ్ట్‌వేర్ లేకుండానే నడుస్తుంది. సీలింగ్ మూసే ముందు లోపల ఏముందో గుర్తుంచుకోవడమే ఉద్దేశమైతే స్కాన్ కూడా అక్కర్లేదు, 360 డిగ్రీల కెమెరాతో అంతస్తంతా నడిచి ఫోటోలు తీసిపెట్టుకుంటే చాలు.

బయట చేయిస్తే ఒప్పందంలో ఇవి ఉండాలి. ముడి స్కాన్లు ఈ57 ఫార్మాట్‌లో, ఏ సాఫ్ట్‌వేర్ అయినా తెరిచేలా ఇవ్వాలి. రిజిస్ట్రేషన్ నివేదిక, కంట్రోల్ పాయింట్ల పట్టిక ఇవ్వాలి. మోడల్, స్కాన్ రెండూ ఒకే మూల బిందువు, ఒకే యూనిట్లలో ఉండాలి. ఈ చివరిది చిన్నగా కనిపిస్తుంది కానీ, నా దృష్టిలో సమన్వయ సమావేశాల్లో మొదటి నెలను తినేసేది ఇదే. బిమ్ సమాచార నిర్వహణకు ఉన్న ఐఎస్ఓ 19650 ప్రమాణం ప్రకారం నడిచే ప్రాజెక్టయితే ఇవన్నీ సమాచార అవసరాల పత్రంలోనే చేరతాయి, లేకపోతే ఒక పేజీ విడిగా రాసి సంతకాలు పెట్టించుకోండి.

ఆ పేజీలోనే ఇంకో వాక్యం ఉండాలి. స్కాన్‌లో బీమ్ 30 మి.మీ. కింద ఉందని తేలితే మారేది డక్టా, సీలింగ్ ఎత్తా, కాంక్రీటా, ఎన్ని రోజుల్లో, ఎవరి మాట మీద అన్నది రాసుకోవాలి. ఆ అధికారం ఎవరికీ ఇవ్వకపోతే రంగురంగుల నివేదిక ఫోల్డర్‌లో పడి ఉంటుంది, డక్ట్ ఆర్డర్ పాత మోడల్ ప్రకారమే వెళ్లిపోతుంది. స్కాన్ తేదీని కూడా నిర్మాణ షెడ్యూల్‌లో ఒక పనిగా వేయండి. సెంట్రింగ్ విప్పిన రోజుకీ ఇటుక పని మొదలయ్యే రోజుకీ మధ్య నేల ఖాళీగా, చూపుకు అడ్డం లేకుండా ఉండేది కొద్ది రోజులే. ఆ తర్వాత అక్కడ సిమెంటు బస్తాలు, పరంజాలు చేరతాయి.